ఇంజిన్‌లో కిరోసిన్ పోయమన్న మహానుభావుడికి

'ఇంట్లోనే కారు ట్యూనప్, ఐదు వేలు మిగుల్చుకోండి' అనే మెసేజ్ ముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత కాలేజీ గ్రూపులో, చివరికి మా బాబాయి కూడా 'పనికొస్తుంది, చూడరా' అంటూ పంపాడు. మొత్తం ఏడు చిట్కాలు. ఆల్టో, వేగనార్, శాంత్రో, చిన్న కారు ఏదైనా సరే పనిచేస్తాయట. ఒకరికి సర్దిచెప్పేలోగా ఇంకొకరు పంపుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మొదటి రెండింటికీ పెద్ద టైమ్ అక్కర్లేదు. 'కార్బురేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పితే మైలేజీ పెరుగుతుంది', 'డిస్ట్రిబ్యూటర్ కాస్త అడ్వాన్స్ చేస్తే పికప్ వస్తుంది' అన్నాడు. కార్బురేటరంటే పాత కార్లలో గాలిలో పెట్రోలు కలిపేది, డిస్ట్రిబ్యూటరంటే ప్లగ్గులకు కరెంటు పంచేది. బానెట్ ఎత్తి ఆ రెండూ ఎక్కడున్నాయో నాకు చూపించండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం. మారుతి 800కే 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు కొట్టే పద్ధతి, వచ్చేసింది. ఇప్పటి కార్లలో పెట్రోలు ఎంత కొట్టాలో, ప్లగ్గు ఎప్పుడు వెలగాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది, మన స్క్రూడ్రైవర్‌కి అక్కడ పని లేదు. రాసినాయన ఇంకా పాత 800 నడుపుతుంటే ఆయన ఓపికకు దండం. ఆ సంగతి మెసేజ్ పైనే రాయాల్సింది.

మూడోది, ఎయిర్ ఫిల్టర్‌ని పెట్రోల్‌తో కడిగి ఎండబెట్టడం. అది కాగితం స్వామీ. కడిగేవాళ్లు పాత బళ్లలో వచ్చే స్పాంజి ఫిల్టర్లని. కొత్తది కొన్ని వందలు, చాలా కార్లలో నాలుగు క్లిప్పులు తీస్తే మారిపోతుంది.

నాలుగోది స్పార్క్ ప్లగ్గులు. 'సాండ్‌పేపర్‌తో మెరిసేలా రుద్ది, కంప్రెషన్ లీకవకుండా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించండి.' ఇరిడియం ప్లగ్గు కొన పెన్సిల్ ములుకు కంటే సన్నగా ఉంటుంది, రుద్దారంటే దాన్ని పారేయడమే. ఇక బలం సంగతి. ప్లగ్గు దిగే ఇంజిన్ హెడ్డు మెత్తటి అల్యూమినియం. ఇంజిన్ చల్లారాక, ప్లగ్గు ఆగేదాకా చేత్తోనే తిప్పాలి. కొత్త వాషర్ ఉన్న ప్లగ్గయితే ఆ తర్వాత పానాతో సుమారు అర చుట్టు, అంతే. హెడ్డులో మర పోయిందంటే మిగిలిన ఐదు వేలకు ఇంకొన్ని వేలు కలిపి లేత్ షాపుకెళ్లాలి. అయితే ఈ పాయింటులోనే ఒక మంచి మాట కూడా ఉంది: ప్లగ్గు తీసి రంగు చూడమన్నాడు. అది నిజంగా చూడాల్సిందే. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంజిన్ బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ కొడుతున్నట్టు. ఆయిల్‌తో తడిసి జిడ్డుగా ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగినట్టు.

అసలు ఇదంతా రాస్తున్నది ఐదో చిట్కా కోసం. 'పాత ఆయిల్ దించే ముందు అర లీటరు కిరోసిన్ పోసి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి. మధ్యమధ్యలో రేస్ చేయండి. మడ్డంతా కరిగి వచ్చేస్తుంది. షోరూమ్ వాళ్లు ఈ రహస్యం చెప్పరు.'

చిన్న కారు చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, పట్టేదే సుమారు మూడు లీటర్ల ఆయిల్. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, నడిచే ఇంజిన్‌లో తనను మోసే షెల్ బేరింగుల మీద ఆనుకోదు. రెండింటి మధ్యా వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర ఉంటుంది, దాని మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగకుండా కాపాడేది ఆయిల్ చిక్కదనం. మీరు పోసిన కిరోసిన్ ముందు దాన్నే పలచన చేస్తుంది. ఆ స్థితిలో రేస్ చేయమంటున్నాడు ఈయన! షెల్స్ మీద పడిన గీతలు ఆ రోజు కనపడవు, వినపడవు. కొన్ని నెలల తర్వాత ఎక్కుడు రోడ్డులో కింది నుంచి టకటకమని మొదలవుతుంది. అప్పటికి ఈ మెసేజ్ ఎవరికీ గుర్తుండదు, తిట్లన్నీ కంపెనీకే పడతాయి.

మడ్డి సంగతీ అంతే. అంతా కరగదు, కొంత పెళ్లలుగా ఊడుతుంది. ఆ పెళ్లలు నేరుగా ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే పైకి ఆయిలే ఎక్కదు. పోనీ అంతా దించేశాం అనుకున్నా, చాంబర్ మూలల్లో, సన్నటి దారుల్లో మిగిలిన కిరోసిన్ వచ్చి కొత్త ఆయిల్‌లోనే కలుస్తుంది.

'మా మేస్త్రీ ముప్పై ఏళ్లుగా కిరోసిన్‌తోనే కడుగుతున్నాడు' అంటారు. కడుగుతాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డులోకి వెళ్లినా నల్లబడిన కిరోసిన్ ట్రే ఒకటి కనిపిస్తుంది. ఇంజిన్ విప్పి, పిస్టన్లూ వాల్వులూ అందులో బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆయిల్ రాసి మళ్లీ బిగిస్తారు. విప్పిన ఇంజిన్ తిరగదు కదండీ. చిట్కా రాసినాయన సగం చూసి, మిగతా సగం సొంతంగా కల్పించినట్టున్నాడు. ఆయిల్ పోసే మూత తీస్తే నల్లటి మడ్డి కనిపిస్తుంటే, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిలే పోసి, తర్వాతి రెండు ఆయిల్ మార్పులూ తొందరగా చేయించండి. ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చండి. నిదానంగా అదే శుభ్రపడుతుంది.

ఆరోది: 'మన దగ్గర మంచు పడదు, కూలెంట్ దండగ, బోరు నీళ్లు చాలు.' నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడుతుంది చూశారా, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, నీళ్లు తొందరగా మరగనివ్వదు. మే నెలలో ఒంగోలు హైవే మీద ఈ రెండూ కావాలి.

ఏడోది, బ్యాటరీ వైరు తీసి పెడితే మైలేజీ పెరుగుతుందట. గడియారం టైమ్ పోతుంది. స్టీరియోలో పెట్టుకున్న స్టేషన్లూ పోవచ్చు.

చివర్లో 'షోరూమ్ బిల్లులో సగం అనవసరం' అని ఒక వాక్యం రాశాడు. సగమో పావో చెప్పలేను గానీ, ఆ కోపంలో న్యాయం ఉంది. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్టెంట్ అంటూ మనం అడగనివన్నీ బిల్లులోకి ఎక్కిస్తారు. అన్నిసార్లూ అవసరం ఉండదు. బండి ఇచ్చేటప్పుడే మాన్యువల్ తెరిచి, ఆ కిలోమీటర్లకు అందులో లేని పని జాబ్ కార్డులో కనిపిస్తే ఎందుకో అడగండి. సరైన కారణం చెప్పలేకపోతే అక్కడే కొట్టేయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.