దెబ్బకి ఎక్కం రాలేదు, జీడితోట దారి వచ్చింది

“నాలుగు తగిలిస్తేనే పిల్లలు దారికొస్తారు” అనే మాటతో నేను ఒప్పుకోను. మాది పలాస దగ్గర పల్లె. ఆరో తరగతిలో పదిహేడో ఎక్కం తప్పితే మాస్టారు చింత బరికతో అరచేతి మీద కొట్టేవారు. ఎక్కం వచ్చిందా అంటే, లేదు. లెక్కల పీరియడ్ మధ్యాహ్నం. అన్నానికి ఇంటికెళ్లి, తిరిగి బడికి పోకుండా జీడితోటలో కూర్చునేవాణ్ణి. దూరంగా ఇంటిబెల్లు వినిపిస్తే గుండె తేలికపడేది.

కిటుకంతా ఆ తేలికపడటంలోనే ఉంది. 1947లో మౌరర్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పిందీ ఇదే. ముందు భయం పట్టుకుంటుంది. ఆ తర్వాత తప్పించుకున్న ప్రతిసారీ టెన్షన్ తగ్గి, తప్పించుకోవడమే అలవాటుగా బలపడుతుంది. అటువైపు వెళ్లి చూడం కాబట్టి, ప్రమాదం పోయినా మనకి తెలియదు. మా మాస్టారికి బదిలీ అయిందని వారం దాకా నాకు తెలియనే లేదు, నేను తోటలో ఉన్నాను కదా!

బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది, మంచిదే. మరి ఇంట్లో? మొన్న మా అబ్బాయి మార్కుల కాగితం బియ్యం డబ్బా అడుగున దొరికింది. నేనెప్పుడూ వాణ్ణి కొట్టలేదు. అరుస్తానంతే.