పెట్టె ముందు నిలబడి తీర్పు చెప్పకండి

పాలకొల్లు, నరసాపురం వైపు ఇప్పుడు విశ్వాసులైన కుర్రాళ్లు ఇద్దరు కలిస్తే ఒకటే ప్రశ్న: "అన్నా, నువ్వు కాల్వినిస్టువా, ఆర్మీనియనువా?" రక్షణ పొందేవాళ్లను దేవుడే ముందుగా ఏర్పరచుకున్నాడనేవాళ్లు కాల్వినిస్టులు. దేవుడు అందరినీ పిలుస్తాడు, ఒప్పుకోవడం, కాదనడం మనిషి చేతిలో ఉందనేవాళ్లు ఆర్మీనియనులు. రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం మీద అర్ధరాత్రి దాకా వాదించుకునే పిల్లలంటే నాకు ఇష్టమే. యూట్యూబ్‌లో వినైనా సరే, వాక్యం తిరగేస్తున్నారు. కానీ ఆ వాదన భూస్థాపన కూడికల్లోకి కూడా వచ్చేసింది. అక్కడే నాకు కడుపు మండుతోంది.

మా పక్క ఊళ్లో ఒక అబ్బాయి కాలవలో పడి చనిపోయాడు. బాప్తిస్మం తీసుకోలేదు, ఆరాధనకి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. వాక్యం చెప్పడానికి వచ్చినాయన పెట్టె పక్కనే నిలబడి, "ఏర్పరచబడినవాడైతే ఈపాటికి మందిరంలో ఉండేవాడు" అన్నారు. తల్లి అక్కడే కూర్చుని ఉంది. తర్వాత జ్ఞాపకార్థ కూడికలో ఇంకో సంఘం ఆయన లేచి, దేవుడు అందరికీ స్వేచ్ఛ ఇచ్చాడని, ఇంట్లోవాళ్లు కన్నీటితో ప్రార్థించి ఉంటే బిడ్డ మారేవాడని చెప్పారు. సిద్ధాంతాలు రెండూ ఎదురెదురు. దెబ్బ మాత్రం రెండుసార్లూ ఆ తల్లికే తగిలింది.

నేను ఏర్పాటును, అంటే దేవుడే ముందుగా ఎన్నుకుంటాడన్న మాటను, నమ్ముతాను. నా అంతట నేను దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్లలేదు, ఆయనే నన్ను పట్టుకున్నాడు. ఎఫెసీ పత్రికలో పౌలు ఈ సంగతి స్తుతిలో చెప్పాడు. చనిపోయినవాళ్ల జాబితా చదువుతూ చెప్పలేదు. రోమా తొమ్మిదిలో దేవుడు యాకోబును ఎన్నుకుని ఏశావును కాదన్న మాట ఎత్తేవాళ్లు అదే అధ్యాయం మొదలు ఎందుకు వదిలేస్తారు? నా జనమైన ఇశ్రాయేలు కోసం నాకు ఎడతెగని వేదన ఉంది, వాళ్ల కోసం నేనే క్రీస్తు నుంచి వేరైపోయినా సరే అన్నంత బాధతో మొదలుపెట్టాడు పౌలు. పదో అధ్యాయం మొదట్లోనే వాళ్ల రక్షణ కోసం ప్రార్థిస్తున్నానన్నాడు. ఏర్పాటు గురించి అంత గట్టిగా రాసిన మనిషి ఎవరి మీదా ఆశ వదులుకోలేదు.

కాల్వినిస్టులకు ఆ పేరు ఎవరి నుంచి వచ్చిందో ఆ కాల్విన్ కూడా అంతే. ఎవరు ఏర్పరచబడ్డారో మనకు తెలియదు కాబట్టి అందరూ రక్షణ పొందాలనే కోరుకోవాలన్న తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను మాటను ఆయన తన గ్రంథంలో ఎత్తి రాసుకున్నాడు. ఆర్మీనియనులను ఖండించిన కాల్వినిస్టుల డోర్ట్ సభ 1618-19లో జరిగింది. చాలా కఠినమైన సభ అది. అయినా ఆ సభ రాసిన నిర్ణయాల్లో, తమలో విశ్వాసం ఇంకా బలంగా కనబడనివాళ్లు తమను విడిచిపెట్టబడినవాళ్లలో లెక్కేసుకుని బెదిరిపోవద్దని ఉంది. పసితనంలోనే పిల్లల్ని పోగొట్టుకున్న విశ్వాసుల కోసం కూడా ఒక ఓదార్పు మాట ప్రత్యేకంగా రాశారు. పుట్టెడు దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులు వాళ్లకు గుర్తొచ్చారు. మన దగ్గర మైకు పట్టుకున్నవాళ్లకు ఎందుకు గుర్తురారు?

రెండో పక్షానికీ, అంటే ఆర్మీనియనులకీ, ఒక మాట. వాళ్ల పక్షాన నిలిచిన ఇంగ్లండు ప్రసంగీకుడు వెస్లీ 1739లో ఏర్పాటు సిద్ధాంతం మీద ఘాటుగా ప్రసంగించాడు. ఆయన స్నేహితుడే అయినా కాల్వినిస్టు అయిన విట్‌ఫీల్డ్ బహిరంగంగానే జవాబిచ్చాడు. ఆ విషయంలో ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో జ్ఞాపక ప్రసంగం చేసింది వెస్లీయే. అదీ విట్‌ఫీల్డ్ కోరిక మీదే.

మన డెల్టాలో 1830లలో నరసాపురం వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ కుటుంబాల నాటి బ్రదరన్ సంఘాలున్నాయి, రాజమండ్రి లూథరన్లున్నారు, కాకినాడ బాప్టిస్టులున్నారు, ఇప్పుడు వీధికో స్వతంత్ర సంఘం ఉంది. ఒక్కో ఇంట్లోనే రెండు మూడు బోధలు. వాదించుకోండి, బైబిల్ స్టడీ పెట్టుకుని తెల్లారేదాకా వాదించుకోండి. నేనూ వస్తాను.

కానీ సంఘ పెద్దలకు నా మనవి ఒకటుంది. భూస్థాపనకు వాక్యం చెప్పేవారిని పిలిచేటప్పుడు ముందే చెప్పండి: చనిపోయిన మనిషి ఎక్కడికి వెళ్లాడో చెప్పే పని మీది కాదు అని. ఒప్పుకోకపోతే ఇంకొకర్ని పిలవండి. ఎవరూ దొరక్కపోతే ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, ఆ తల్లి పక్కన కూర్చోండి.