ట్వీటర్ పీకి పారేయమన్న మహానుభావుడికి

ఈ వారంలో ఇది నాలుగోసారి. "పాత స్పీకర్లలో జాజ్ రికార్డులు వినేవాళ్లకు 5 రహస్యాలు" అనే మెసేజ్ మా న్యూజెర్సీ తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి నా దగ్గరికొచ్చి ఆగుతోంది. నా దగ్గర ఏఆర్-3ఏ అనే పాతకాలపు స్పీకర్ల జత ఉందని అందరికీ తెలుసు మరి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం ఫార్వర్డ్ ఇది.

మొదటి రహస్యం: "50 ఏళ్లు దాటిన ట్వీటర్ చచ్చినట్టే, పీకి పారేసి టైటానియంది పెట్టండి." ట్వీటరంటే స్పీకర్ పెట్టెలో సన్నటి పైశబ్దాలు పలికే చిన్న భాగం. గరాజ్ సేల్‌లో కొన్నరోజు నా కుడి స్పీకర్ ట్వీటర్ కూడా నోరు విప్పలేదు. పెట్టె వెనక దాని శబ్దం పెంచి తగ్గించే లెవెల్ కంట్రోల్ తిప్పితే గరగరమంది, డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి సింబల్ ఒక్క క్షణం ఖంగుమని మళ్లీ మాయం. కింది శబ్దాలు పలికే వూఫర్ విప్పి, లోపలి పీచంతా బయటికి లాగి చూస్తే ఆ కంట్రోల్ నిండా పచ్చటి చిలుము. తుడిచి, క్లీనర్ కొట్టి బిగించాక, చేటలో బియ్యం చెరుగుతున్నట్టు డ్రమ్ము మీద బ్రష్ కదలడం వినిపించింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

రెండు: సిల్క్ డోమ్ జాజ్‌కి, మెటల్ డోమ్ రాక్‌కి అట. డోమంటే ట్వీటర్‌లో ఊగే గుండ్రటి బుడిపె. పళ్లెం మీద ఏ రికార్డు తిరుగుతోందో ట్వీటర్‌కి ఎవరు చెప్తారు?

మూడు: ఎక్కువ వాట్లుంటే ఎక్కువ క్లారిటీ అట. లారీకి చక్రాలెక్కువ కాబట్టి కారుకన్నా వేగంగా పోతుందన్నమాట.

నాలుగు: "1950ల జాజ్ రికార్డుల్లో 10,000 హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు." హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని ఊపులో ఆ లెక్క, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. ఏమీ లేనప్పుడు టైటానియం దేనికి స్వామీ? ఆంపెక్స్ టేప్ మెషీన్లు ఆ రోజుల్లోనే 15,000 దాకా పట్టేవి. పగలు కళ్లద్దాల డాక్టరుగా పనిచేస్తూ హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల హాల్లోనే రికార్డింగులు చేసిన రూడీ వాన్ గెల్డర్ పైశబ్దాలు బాగా పట్టే నాయిమన్ కండెన్సర్ మైకులు కొన్నది అలంకారానికా? ఆయన 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో స్టూడియో కట్టుకున్నారు. మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా లేదు. 1925కి ముందు, మైకే లేకుండా బూరలోకి వాయించిన రికార్డుల గురించైతే ఆ మాట ఒప్పుకుంటాను.

ఇక ఐదోది. "పైశబ్దం తగ్గిందనిపిస్తే ట్వీటర్ కెపాసిటర్ విలువ రెట్టింపు చెయ్యండి." ఇది రాసినవాడి చేతికి సోల్డరింగ్ ఐరన్ ఎవరిచ్చారో! ఏఆర్-3ఏలో ట్వీటర్ ముందున్న 6 మైక్రోఫారడ్ కెపాసిటర్ కాపలావాడు. సుమారు 5,000 హెర్ట్జ్ కింద ఉన్నవాటిని లోపలికి రానివ్వడు. 12 పెట్టారంటే గేటు బాగా కిందికి జారినట్టే. పైశబ్దం అలాగే ఉంటుంది, కిందిది తోసుకొస్తుంది. ఒక స్థాయి కిందికి దిగితే, అంటే హెర్ట్జ్ సగమైతే, అదే శబ్దానికి డోమ్ నాలుగు రెట్లు ఊగాలి. ఉన్నది ముప్పావు అంగుళం డోమ్, దాని వెనక వెంట్రుకంత తీగ చుట్ట. ఆ కింద ఉన్నది సాక్సఫోన్, ట్రంపెట్ల రాజ్యం, బలమంతా అక్కడే. అది మధ్య శబ్దాలు పలికే మిడ్ డోమ్ పని. ఇద్దరూ ఒకే స్వరాన్ని పట్టుకుంటే ట్రంపెట్ చెవిలో గుచ్చుకుంటుంది. దాన్నే "ఆహా, క్లారిటీ" అనుకుని వాల్యూమ్ పెంచుతారు. మా గ్రూపులో ఒక తమ్ముడు పెంచాడు. "అన్నయ్యా, అగరబత్తి వెలిగించలేదు, మరి ఈ వాసనేంటి?" అని ఫోన్ చేశాడు. పాత కెపాసిటర్ విలువ మారిపోయి ఉంటే కొత్తది పెట్టాల్సిందే, కానీ 6 ఉన్నచోట 6.

ఇంత తిట్టాక ఒక సంగతి చెప్పకపోతే దొంగనవుతాను. నా ఎడమ ట్వీటర్ నిజంగానే చచ్చిపోయింది. ఒరిజినల్ దొరక్క ఈ కాలం సాఫ్ట్ డోమ్ ఒకటి పెట్టాను. మొదట మిగతా ఇద్దరినీ మింగేసేంత గట్టిగా మోగితే, రెసిస్టర్లు మార్చి మార్చి వారంపాటు దాని గొంతు తగ్గించాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఏది పాతదో నాకే తెలియదు. మెసేజ్ పంపిన బావగారిని పిలిచి, కూర్చోబెట్టి, కొత్త ట్వీటర్ ఎటుందో చెప్పమన్నాను. రెండు వైపులా పూర్తిగా విని, తల పంకించి, కుడివైపు చూపించారు.