ఆరోగ్య చట్టాల చదువు వరంగల్‌లో మొదలుకావాలి

రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని ఆటోలో వేసుకుని దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికి పరుగెత్తితే, 'ఇది పోలీసు కేసు, ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎంకు తీసుకుపోండి' అనే మాట ఇప్పటికీ వినిపిస్తోంది. ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు కాగితాలు తర్వాత చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చిచెప్పింది. ఆ తీర్పు సంగతి క్యాజువాలిటీలో డ్యూటీ చేసేవాళ్లలో ఎందరికి తెలుసు? టెన్షన్‌లో ఉన్న బంధువులకైతే అసలే తెలియదు.

వైద్యాన్నీ చట్టాన్నీ కలిపి చదివినవాళ్లు మనకు కావాలి. అందుకు వరంగల్‌ను మించిన చోటు లేదు. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఇక్కడుంది. రాష్ట్రంలోని వైద్య విద్యను నడిపించే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే ఉంది. హనుమకొండ సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ, పొద్దున లేస్తే ములుగు నుంచీ మహబూబాబాద్ నుంచీ రోగులు దిగే ఎంజీఎం ఆస్పత్రి, అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. ఈ రెండు యూనివర్సిటీలు కలిసి ఆరోగ్య చట్టం, విధానాలపై పీజీ కోర్సు పెట్టాలని మేము కోరుతున్నాం. కాళోజీ స్వయంగా న్యాయశాస్త్రం చదివినవారు. ఆయన పేరున్న వర్సిటీకి ఈ పని పరాయిది కాదు.

హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వైద్య చట్టం, నైతికతపై దూరవిద్యలో పీజీ డిప్లొమా ఇస్తోంది. ఎంబీబీఎస్‌లో ఫోరెన్సిక్ మెడిసిన్‌తో పాటు కొంత చట్టమూ చెబుతారు. అవి అవసరమే, కానీ వార్డులో జరిగేది చూడకుండా ఈ విషయం ఒంటబట్టదు. ఆపరేషన్‌కు ముందు పెట్టించుకునే సంతకాన్నే తీసుకోండి. పరీక్షకు ఇచ్చిన అనుమతి సర్జరీకి అనుమతి కాదని సమీరా కోహ్లీ కేసులో 2008లో తీర్పు వచ్చింది. అయినా ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేసే ఏటూరునాగారం తల్లికి అందులో ఏముందో తెలుగులో, అవసరమైతే కోయ భాషలో, ఎవరు చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి? లా విద్యార్థి ఆ బెడ్ పక్కన నిలబడి చూస్తేనే ఈ ప్రశ్న పుడుతుంది. మెడికల్ విద్యార్థి ఆ తీర్పు చదివితేనే జవాబు మొదలవుతుంది.

ఆస్పత్రులు, క్లినిక్‌ల నమోదు, నియంత్రణ కోసం కేంద్రం 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆస్పత్రులు తమ రేట్లను స్థానిక భాషలోనూ కనబడేలా పెట్టాలని దాని నిబంధనలు చెబుతున్నాయి. హనుమకొండలో ఆస్పత్రి వీధుల వెంట నడిచి ఆ బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రాయడం కోర్సులో మొదటి ప్రాజెక్టు కావచ్చు.

చట్టం తెలిస్తే డాక్టర్లకూ మేలే. రోగి చనిపోయిన ప్రతిసారీ డాక్టర్‌పై క్రిమినల్ కేసు నిలవదని, తీవ్ర నిర్లక్ష్యం ఉండాలని జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2005లో స్పష్టం చేసింది. డాక్టర్లపై దాడులను అడ్డుకునే చట్టం 2008 నుంచే ఉంది. ఈ రెండింటినీ వివరించి చెప్పగలిగే మనిషి ఆస్పత్రిలో ఒకరుంటే అద్దాలు పగిలే దాకా వెళ్లే గొడవల్లో కొన్నయినా ఆగుతాయి.

విధానాల సంగతి ఇంకా పెద్దది. సింగరేణిలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికుడికి పరిహారం అందాలంటే డాక్టర్ రాసే సర్టిఫికెట్, పరిహార చట్టంలోని జబ్బుల జాబితా (షెడ్యూలు) ఒకదానికొకటి సరిపోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. కానీ ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయిల కోసం ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేస్తామన్నప్పుడల్లా రోగి గుండెలో రాయి పడుతోంది. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. మన అసెంబ్లీ కూడా అలాంటిది చేయాలనుకుంటే ముసాయిదా రాసేవాళ్లలో బీడీ కార్మికుల దగ్గునూ గల్ఫ్ నుంచి జబ్బుతో తిరిగొచ్చినవాళ్ల కష్టాన్నీ దగ్గరగా చూసినవాళ్లుండాలి.

కోర్సు సాయంత్రం పూట నడవాలి. స్టాఫ్ నర్సులకూ, జిల్లా వైద్యాధికారి కార్యాలయాల సిబ్బందికీ, జూనియర్ లాయర్లకూ కొన్ని సీట్లు కేటాయించాలి. ఫీజు మామూలు లా కోర్సును మించకూడదు. పాఠాలు తెలుగులోనూ రాయించాలి. రెండు యూనివర్సిటీల పాలకవర్గాలు ఒప్పందం కుదుర్చుకుని వచ్చే విద్యా సంవత్సరానికే నోటిఫికేషన్ ఇవ్వాలి.