పాఠం ఒకటే, ఫీజు మాత్రం చోటుకొకటి

వేల్స్‌లో 2023 సెప్టెంబరు నుంచి ఇళ్ల మధ్య రోడ్ల మీద మామూలు వేగపరిమితి 20 మైళ్లే. నేను 26లో వెళ్లాను. తప్పు నాదే, కాదనను. లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు, 100 పౌండ్ల జరిమానా వద్దనుకుంటే స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు, అంటే అతివేగం ప్రమాదాల గురించి చెప్పే క్లాసు, చేయొచ్చని పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది. అయ్యో, నయమే అనుకున్నాను.

తీరా బుక్ చేద్దామని చూస్తే, ఎక్కడ చేసినా అదే పాఠం, దాదాపు రెండున్నర గంటలు, ఫీజు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. నాకు 90 పౌండ్లు పడింది. ఇంట్లో కూర్చుని, లైసెన్సు కెమెరాకు చూపించి, ల్యాప్‌టాప్‌లో వినే క్లాసుకు ఊరును బట్టి రేటెందుకు మారాలి? ఆ ఫీజులో కొంత పోలీసుల ఖర్చులకూ పోతుంది. ఎంత దేనికి పోతోందో రసీదు మీద ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

నా సంగతి సరే, ఎలాగో కట్టాను. మా పక్కింటి అమ్మాయి కేర్ హోమ్‌లో గంటకు 12 పౌండ్ల చిల్లరకు పనిచేస్తుంది. ఆమెకే ఇలాంటి ఉత్తరం వస్తే ఈ ఫీజు ఏడు గంటలకు పైగా చాకిరీ. పైగా క్లాసు కోసం ఒక షిఫ్టు వదులుకోవాలి. కోర్టుకెళ్తే జరిమానా ఆదాయాన్ని బట్టి వేస్తారు. ఇక్కడ మాత్రం లక్షాధికారికీ ఆమెకూ ఒకటే లెక్క. కనీసం రెండు వాయిదాల్లో కట్టనివ్వండి!