పరిచర్యకు మనుషులు ఎందుకు నిలవడం లేదు?

బెంగళూరులోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆరాధన ముగిసే వేళకు తరచూ ఒక ప్రకటన వినిపిస్తుంది: సండే స్కూలుకు టీచర్లు కావాలి, సౌండ్ చూసుకునేవారు కావాలి, ఈ పని చేయాలన్న భారం ఉన్నవారు పాస్టరుగారిని కలవండి. ఎవరూ కలవరు. తరువాతి వారం అదే ప్రకటనకు, ఈ తరానికి ప్రభువు పని మీద ఆసక్తి లేదన్న గద్దింపు కూడా తోడవుతుంది. ఆ గద్దింపు అన్యాయమని నా అభిప్రాయం.

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు సంఘాలకు వచ్చేవారిలో చాలామంది ఉద్యోగాల కోసం ఈ ఊరు చేరినవారే. వారం పొడుగునా ఆఫీసు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్, నాలుగు రోజులు సెలవు దొరికితే గుంటూరుకో కర్నూలుకో రాత్రి బస్సు. వీరు పనికి వెనకాడరు. ఒకసారి ఒప్పుకుంటే ఎన్నాళ్ళు మోయాలో తెలియక వెనకాడతారు, ఎందుకంటే ఒప్పుకున్నవారి సంగతి కళ్ళారా చూస్తున్నారు.

సండే స్కూల్ టీచరునే చూడండి. అద్దె హాలు వెనక చిన్న గదిలో నాలుగేళ్ళ పిల్లలూ పన్నెండేళ్ళ పిల్లలూ కలిసే కూర్చుంటారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి, ఆమె కంఠత వాక్యాన్ని బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కథను రెండు భాషల్లోనూ చెప్పి, చిన్నవాళ్ళకు తన డబ్బుతో కొన్న రంగు పెన్సిళ్ళిచ్చి, పెద్దవాళ్ళ ప్రశ్నలకు జవాబిస్తుంది. గోడ అవతల జరిగే ప్రసంగాన్ని ఆమె పూర్తిగా విని నెలలవుతుంది. ఊరికి వెళ్ళాలంటే బదులు మనిషిని తానే వెతుక్కోవాలి. అలసి మానేస్తే మాత్రం, విశ్వాసంలో చల్లారిపోయిందని అంటాం.

లేఖనం మనకు నేర్పింది ఇది కాదు. దావీదు కాలంలో 288 మంది గాయకులను 24 వంతులుగా ఏర్పరచి, గురువు, శిష్యుడు అన్న తేడా లేకుండా చీట్లు వేశారని మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం చెబుతుంది. ప్రత్యక్ష గుడారంలో సేవ చేసే లేవీయులు 50 ఏళ్ళకు ఆ పని నుంచి విరమించాలని సంఖ్యాకాండము 8వ అధ్యాయంలో ఆజ్ఞే ఉంది. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టినప్పుడు, ఆహారం పంచే పనికి ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే; అంటే, నొచ్చుకున్నవారి చేతికే బాధ్యత ఇచ్చారనిపిస్తుంది. మనమో, పీజీల్లో ఉండే కుర్రాళ్ళకు కుర్చీలు సర్దే పని ఇస్తాం గాని నిర్ణయాల్లో చోటివ్వం.

పెద్దలకు నా మనవి. ప్రకటనలు చాలించి, మనిషి దగ్గరికి వెళ్ళి అడగండి. “తమ్ముడూ, జూన్ నుంచి నవంబరు దాకా, నెలకు రెండు ఆదివారాలు, అక్క కూడా నీతో ఉంటుంది” అంటే ఒప్పుకునేవారు దొరుకుతారు. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఎంత కొరత ఉన్నా, ఎవరో ఏమిటో తెలుసుకోకుండా కొత్తవారికి తరగతి అప్పగించకూడదు. గడువు ముగిసిన రోజున సంఘం ముందు ప్రార్థన చేసి, గౌరవంగా విడుదల చేయండి. అప్పటికీ మనుషులు చాలకపోతే, ఈసారి వీబీఎస్‌ను (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు తరగతులను) పది రోజులకు బదులు ఐదు రోజులే పెట్టుకుందాం.