ఒక్క పెట్టె మారిస్తే అన్నీ మారిపోవాలా?

గేముల మ్యాపులు తయారుచేసే టైల్డ్ అనే ఎడిటర్ 2018 జనవరిలో 1.1 వెర్షన్‌తో పాటు ఆబ్జెక్ట్ టెంప్లేట్లు తెచ్చింది. బెంగళూరు తెలుగువాళ్ళం ఆరోజే ధర్నాకి దిగాల్సింది. దిగలేదు.

విషయం తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గేమ్‌లో నిధి పెట్టె ఉందనుకోండి. దాని బొమ్మ, సైజు, లోపల నాణేలెన్ని, తాళం ఉందా లేదా, ఇవన్నీ టెంప్లేట్ అనే చిన్న టీఎక్స్ ఫైల్లో ఒక్కసారి రాసి పడేస్తారు. ఇక మ్యాపులో ఉండేదల్లా ఆ ఫైలు ఎక్కడుందో, పెట్టె ఎక్కడ కూర్చోవాలో, అంతే. రేపు పది నాణేలు కాదు పదిహేను అంటే ఆ ఒక్క ఫైల్లో మారిస్తే అన్ని మ్యాపుల్లోనూ మారిపోతుంది. బాగానే ఉంది, మరి మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఆ పదిని పదిహేను చేయడమే ఉద్యోగంగా బతుకుతున్న మనవాళ్ళు ఏమైపోవాలి?

కాపీ పేస్ట్ రోజుల్లో ఎంత వైభోగం! శుక్రవారం సాయంత్రం డిజైనర్ వచ్చి, "బాసూ, తాళం చెవి పేరు మార్చాలి, చిన్న పనే" అనేవాడు. ఇక ప్రతి మ్యాపూ తెరువు, ప్రతి పెట్టె మీదా నొక్కు, ప్రాపర్టీస్‌లో కొత్త పేరు కొట్టు. రాత్రి పదింటికి మడివాలలో ఒంగోలు బస్సు వెళ్ళిపోయేది, ఆఫీసు ఖర్చుతో బిర్యానీ వచ్చేది (అది బిర్యానీ అని వాళ్ళే అనాలి). నిద్రమత్తులో ఎవడో ఒకడు పేరులో ఒక అక్షరం మింగేసేవాడు, గుహలో పెట్టె తెరుచుకునేది కాదు, దాంతో సోమవారం టెస్టర్‌కీ పని దొరికేది. ఒక్క అక్షరం మీద ఇన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది.

అయినా మనవాళ్ళు తక్కువవాళ్ళా? టెంప్లేట్ నుంచి వచ్చిన పెట్టెలో ఏ ప్రాపర్టీ అయినా చేత్తో మార్చితే, ఆ తర్వాత టెంప్లేట్‌ని ఎంత మార్చినా ఆ విలువ కదలదు. ఈ సందు దొరికింది చాలు. ముందు పద్ధతిగా టెంప్లేట్ చేస్తారు, మీటింగులో చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు, ఆ తర్వాత ప్రతి మ్యాపులోనూ ప్రతి పెట్టెకీ నాణేలు, సైజు, పేరు అన్నీ విడిగా మార్చుకుంటారు. అసలు టెంప్లేట్ గోడ మీద తాతగారి ఫొటోలా దండేసుకుని ఉంటుంది. మార్పులన్నీ తుడిచేసి మళ్ళీ టెంప్లేట్‌లా చేసే రీసెట్ మెనూలోనే ఉంది, దాని జోలికి ఎవరూ వెళ్ళరు. ఇది చాలదన్నట్టు ఫోల్డర్లు సర్దే పిచ్చి ఉన్నవాడు ప్రతి టీంలో ఒకడుంటాడు. వాడు టెంప్లేట్ల ఫోల్డర్ పేరు ఎడిటర్ బయట మార్చేస్తాడు, మ్యాపులన్నీ ఫైల్ దొరకలేదని గోల పెడతాయి. పోయిందనుకున్న ఉపాధి మళ్ళీ వచ్చినట్టే.

అటు యూనిటీ అనే గేమ్ ఇంజిన్ వాళ్ళు 2018.3 వెర్షన్‌లో ప్రీఫాబ్ (వాళ్ళ భాషలో టెంప్లేట్ లాంటిదే) లోపల ప్రీఫాబ్ పెట్టుకోనిచ్చారు. దాని మీద ఇంకోరోజు ఏడుస్తా.

ప్రస్తుతానికి నా డిమాండ్ ఒక్కటే. టెంప్లేట్లు సరిగ్గా వాడే స్టూడియోలు కూడా శుక్రవారం టీంని పదింటిదాకా కూర్చోబెట్టాలి. పని లేకపోయినా పర్లేదు. ఆరింటికి వదిలేస్తే మేం వెళ్ళేది ఎక్కడికి, ట్రాఫిక్ కదలని సిల్క్ బోర్డ్ సిగ్నల్ దాకానే కదా!